నలుగురి మేలు, ఐదవవాని మాట

(శతవార్షికోత్సవ ఉపన్యాసములలో భాగముగా సంఘస్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ దినములలో మన సంఘముల చరిత్రను గూర్చియు, మనకు ముందు శ్రమించిన పెద్దలను గూర్చియు అనేకులు చక్కగా మాటలాడిరి. నాకు అప్పగించిన విషయము వేరు. కళాశాలలో ముప్పది సంవత్సరములు తత్త్వశాస్త్రము బోధించితిని గనుక, ఉపయోగితావాదమును గూర్చి యౌవనస్థులకు అర్థమగునట్లు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరినారు. మధ్యాహ్న భోజనమునకు ముందు గంటలో తత్త్వశాస్త్రము వినుట ఎట్టి పరీక్షయో చెప్పుటకు నా పాత విద్యార్థులు కొందరు ఈ సభలోనే ఉన్నారు. సాధ్యమైనంత తేట మాటలలో చెప్పెదను.

పేరు పెద్దది గాని విషయము మన యిండ్లలోనిదే. "నలుగురికి మేలు జరిగితే చాలదా?" అని మనము తరచుగా అనుకొందుము. ఊరిలో రోడ్డు వేయవలెనన్నా, ఉమ్మడి ఆస్తి పంచవలెనన్నా, కమిటీలో తీర్మానము చేయవలెనన్నా చివరకు పడే మాట ఇదే. తెలుగులో "నలుగురు" అన్నచో లోకమంతయు అని అర్థము. మంచి మాటే. అయితే నలుగురికి మేలు జరుగుట కొరకు ఐదవవాడొకడు నష్టపోవలసి వచ్చిన యెడల ఏమి చేయవలెను? అతనిని అడుగవలెనా, అక్కర లేదా? ఈ దినమున నేను చెప్పబోవు దానిలో ముఖ్యమైన భాగము ఈ ఐదవవానిని గూర్చియే.

ఏ కార్యము వలన ఎక్కువమందికి ఎక్కువ సుఖము కలుగునో అదే ధర్మము, ఏది దుఃఖమును పెంచునో అది అధర్మము, ఈ రెంటిని కొలుచుటకు వేరు కొలబద్ద లేదు. ఇదే ఉపయోగితావాదము. దీనికి శాస్త్రరూపమిచ్చినవాడు జెరెమీ బెంథాము అను ఇంగ్లీషు న్యాయశాస్త్ర పండితుడు (1748–1832). పండ్రెండేండ్లకే ఆక్సుఫర్డులో చేరిన మేధావి. నీతికిని, శాసన నిర్మాణమునకును మూలసూత్రములను వివరించుచు 1789లో ప్రకటించిన గ్రంథములో సుఖమును కొలుచుటకు ఏడు కొలతలు చెప్పెను. అది ఎంత తీవ్రమైనది, ఎంత కాలముండును, ఎంత నిశ్చయమైనది, ఎంత దగ్గరలో నున్నది, మరికొన్ని సుఖములను కనునా, దానిలో దుఃఖము కలిసియున్నదా, ఎంతమందికి ప్రాకును అనునవే ఆ కొలతలు. కోమటి కొట్టులో చిట్టా వ్రాసికొనునట్లు సుఖము జమవైపున, దుఃఖము ఖర్చువైపున వ్రాసి కూడి తీసివేసినచో ధర్మము దానంతటదే తేలునని ఆయన భావము. ఆ లెక్కలో సుఖములకు పెద్దరికము చిన్నరికము లేదు. పిల్లలాడు సూదుల ఆటయైనను, మహాకవి కావ్యమైనను, ఇచ్చు సుఖము సమానమైనచో రెంటి విలువయు సమానమే అనెను.

తాను చనిపోయిన పిమ్మట తన దేహము కూడ ఉపయోగపడవలెనని ఆయన వీలునామా వ్రాసెను. బట్టలు తొడిగిన ఆ అస్థిపంజరము, మైనపు తలతో, నేటికిని లండనులోని యూనివర్సిటీ కాలేజీలో కుర్చీలో కూర్చుండియున్నది. నవ్వు వచ్చును గాని, చెప్పిన మాట మీద చచ్చిన తరువాత కూడ నిలిచినవాడని ఒప్పుకొనక తప్పదు.

ఈ సిద్ధాంతమును విమర్శించుటకు ముందు దానికి చెల్లవలసిన గౌరవము చెల్లించవలెను. బెంథాము కాలపు ఇంగ్లండులో చిన్న దొంగతనములకు సైతము ఉరిశిక్ష యుండెను. ఈ శిక్ష వలన ఎవరికి ఏమి మేలు అని ఆయన అడిగెను. ఆచారమని, పూర్వులు చేసిరని చెప్పిన జవాబు ఆయనకు చాలలేదు. పశువుల విషయములో అవి ఆలోచించగలవా, మాటలాడగలవా అని గాక, అవి బాధపడగలవా అని అడుగుమనెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆయన లెక్కలో ప్రభువైనను కూలివాడైనను ఒక్కొక్కడు ఒక్కడే. ఒకని సుఖమునకు పది పాళ్లు, మరొకనికి పావు పాలు అను తేడా లేదు. కులమును బట్టి మనిషికి వెలకట్టుట చూచిన మన దేశములో ఈ మాట సామాన్యమైనది కాదు.

ఇది నాస్తికుల సిద్ధాంతమని కొట్టివేయుట కూడ మనకు తగదు. అత్యధికులకు అత్యధిక సుఖము అను మాటను ఇంగ్లీషులో 1725లో వ్రాసిన ఫ్రాన్సిస్ హచ్చిసను ప్రెస్బిటేరియను బోధకుని కుమారుడు. తరువాత గ్లాస్గోలో నీతిశాస్త్ర ఆచార్యుడు. బెంథాముకు నాలుగేండ్లు ముందుగా, 1785లో, దాదాపు ఇదే నీతిని దైవచిత్తముతో జోడించి గ్రంథము వ్రాసిన విలియం పేలీ ఆంగ్లికను సంఘమున ఆర్చిడీకను. ఆ పుస్తకము కేంబ్రిడ్జిలో చాల కాలము పాఠ్యగ్రంథముగా నుండెను. అనగా ఈ మొక్కకు నీరు పోసినవారిలో మనవారును ఉన్నారు.

ఇక మన దేశముతో దీనికి గల సంబంధము. బెంథాము శిష్యుడైన జేమ్సు మిల్లు 1817లో బ్రిటిషు ఇండియా చరిత్ర వ్రాసెను. ఆయన ఎన్నడును ఈ దేశమునకు రాలేదు. మన భాషలేవియు ఎరుగడు. అది తన నిష్పాక్షికతకు అనుకూలమనియే వాదించెను! ఆ గ్రంథము వలన లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయములో ఉద్యోగము దొరికెను. ఆయన కుమారుడు జాను స్టువర్టు మిల్లు (1806–1873) 1823లో అదే కార్యాలయములో గుమాస్తాగా చేరి, 1858 వరకు, అనగా ముప్పదియైదు సంవత్సరములు, ఇండియాకు పంపు ఉత్తరువుల చిత్తుప్రతులు వ్రాసెను. ఆయన కూడ ఇక్కడికి రాలేదు. ఉపయోగితావాదమునకు అందరికంటె పేరుగాంచిన వ్యాఖ్యాత ఆయనే. కోట్లాది ప్రజల మేలును వేల మైళ్ల దూరమునుండి కాగితము మీద లెక్కించుట ఆ తండ్రీకొడుకుల జీవనోపాధి అని గుర్తుంచుకొనుడి. కాగితము మీద మొత్తము కనబడును, ముఖములు కనబడవు.

విమర్శలలో మొదటిది బెంథాము పుట్టకముందే వచ్చినది. చెప్పినవాడు ఒక బిషప్పు. జోసెఫ్ బట్లరు (1692–1752), తరువాత బ్రిస్టలునకు, దర్హాముకు బిషప్పు అయినవాడు, లండనులోని రోల్సు చాపెలులో తాను చేసిన పదునైదు ప్రసంగములను 1726లో అచ్చువేయించెను. ఇవి కఠినమైన ప్రసంగములు; అప్పటి సంఘస్థులు ఎట్లు ఓర్చుకొనిరో! వాటిలో ఆయన చెప్పిన సంగతిని మన మాటలలో చెప్పవలెనన్న ఇట్లుండును. ఆకలిగొన్నవాడు కోరునది అన్నమును, సుఖమును కాదు. అన్నము కోరినందున అన్నము తినగా సుఖము కలుగును. తల్లి బిడ్డ క్షేమమును కోరును. బిడ్డ కోలుకొనినప్పుడు ఆమెకు సంతోషము. ముందు ఏదో ఒకదానిని దాని కొరకే ప్రేమించనిచో సంతోషమునకు చోటే లేదు. సంతోషమును మాత్రమే కోరువాని చేతికి ఏమియు చిక్కదు, ఏలయనగా సంతోషము అనునది విడిగా బజారులో దొరకు సరుకు కాదు.

ఈ మాట నిజమని తన జీవితములో కనుగొన్నవాడు స్వయముగా జాను స్టువర్టు మిల్లే. ఆయన పెంపకము వింతైనది. మూడవ యేట గ్రీకు మొదలుపెట్టించిరి. బాల్యమంతయు తండ్రి యొద్దనే చదువు. బెంథాము సిద్ధాంతము కొరకే తయారుచేసిన మనిషి అనవచ్చును. 1826లో, ఇరువది యేండ్ల వయస్సులో, ఒక దినమున తన్ను తాను ప్రశ్నించుకొనెను: నీవు కోరుచున్న సంస్కరణలన్నియు ఈ క్షణముననే నెరవేరినచో నీకు సంతోషము కలుగునా? కలుగదని లోపలినుండి జవాబు వచ్చెను. అంతటితో కాళ్ల క్రింద నేల కదలినట్లాయెను. పని చేయుచుండెను, తినుచుండెను, కాని దేనియందును రుచి లేదు. ఈ స్థితి నెలల తరబడి యుండెను. చాల కాలమునకు వర్డ్సువర్తు కవిత్వము చదివినప్పుడు మనస్సు తెప్పరిల్లెనని ఆయన స్వీయచరిత్రలో వ్రాసికొనినాడు. తన సంతోషమును గాక వేరొకదానిని, ఇతరుల మేలునో, ఒక కళనో, ఒక పనినో లక్ష్యముగా పెట్టుకొనినవారే సంతోషముగా నుందురని అక్కడ ఒప్పుకొనెను. బిషప్పు బట్లరు సుమారు నూరేండ్ల క్రింద చెప్పినదానికి ఇది ఎంత దగ్గరగా నున్నదో చూడుడి. అయినను ఆయన సిద్ధాంతమును వదలలేదు. పరోక్షముగా సంపాదించవలసినదైనను చివరి గమ్యము సుఖమే అనెను. ఈ జవాబు నాకు ఎన్నడును తృప్తినియ్యలేదు. బిడ్డను ప్రేమించు తల్లితో, నీ అసలు గమ్యము సుఖము, బిడ్డ దానికి దారి అని చెప్పి చూడుడి, ఆమె ఏమనునో!

సుఖములలో ఎక్కువ తక్కువలు లేవన్న బెంథాము మాటను కూడ మిల్లు సవరించవలసి వచ్చెను. బుద్ధికి సంబంధించిన సుఖములు శ్రేష్ఠమైనవనియు, తృప్తిలేని జ్ఞాని స్థితి తృప్తిచెందిన మూర్ఖుని స్థితికంటె మేలనియు ఆయన వాదించెను. ఇది మంచి మాటే గాని, ఈ మాటతో చిట్టా చినిగిపోయినది. సుఖముకంటె వేరైన కొలబద్ద ఏదియు లేదని చెప్పి, సుఖములనే మరొక కొలబద్దతో కొలిచినచో ఆ రెండవ కొలబద్ద ఎక్కడనుండి వచ్చినది? దీనిపై నేటికిని వాదములు జరుగుచున్నవి. మనము ముందునకు పోదము.

ఇప్పుడు చెప్పబోవునది మన దేశపు సంగతి. 1944లో, బెంగాలు కరువు జరిగిన మరుసటి యేడు, కలకత్తా సమీపమున సింగూరులో భార్యలు చనిపోయినవారిని, భర్తలు చనిపోయినవారిని వారి ఆరోగ్యము ఎట్లున్నదని అడిగిరి. మగవారిలో దాదాపు సగముమంది బాగులేదనిరి. విధవరాండ్రలో అట్లు చెప్పినవారు నూటికి ముగ్గురు కూడ లేరు. ఆ కాలపు బెంగాలులో విధవరాలి బ్రతుకు ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. వారి శరీరములు నిజముగా అంత బాగుండెనా? ఆచార్య అమర్త్య సేను ఈ లెక్కలను ఎత్తిచూపి అడిగిన ప్రశ్న ఇది. దీర్ఘకాలము లేమిలో నున్నవారు కోరుటయే మానుకొందురు. దొరికిన కొంచెములో సంతోషమును వెదకుకొందురు. అట్టివారి సంతోషమును కొలిచి, వీరికి కొదువలేదని వ్రాసికొనుట ఎంత అన్యాయము! పల్లెలలో మన వృద్ధ సహోదరీలను ఎట్లున్నావమ్మా అని అడిగి చూడుడి. "బాగనే ఉన్నానయ్యా, ఏం లోటు?" అనును. పొయ్యిలో పిల్లి లేచియుండదు, కండ్లకు పొర వచ్చియుండును. ఆ "బాగనే" అను మాట ఆమె ఓర్పునకు సాక్ష్యము, ఆమె స్థితికి కాదు. సుఖమునే కొలబద్దగా పట్టుకొనిన శాస్త్రము ఆమె ఓర్పును ఆమెకే విరోధముగా లెక్కవేయును. ఉపయోగితావాదము మీద నాకు గల ఫిర్యాదులలో ఇది చాల పెద్దది.

ఐదవవాని యొద్దకు వత్తము.

నేను రేపటి ఆరోగ్యము కొరకు ఈ దినమున చేదు మందు త్రాగుదును. నష్టము నాదే, లాభము నాదే. కూడి తీసివేయుటకు నాకు హక్కున్నది. కాని మందు మీరు త్రాగి ఆరోగ్యము నాకు వచ్చునట్లయితే? మొత్తము మీద లాభమే గదా అని నేను మీకు చెప్పవచ్చునా? సంఘమంతయు ఒకే దేహము, ఒకే కడుపు ఉన్న మనిషి అయినట్లు భావించుటయే ఈ సిద్ధాంతపు మూలదోషము. 1971లో అమెరికా తత్త్వవేత్త జాను రాల్సు న్యాయమును గూర్చి వ్రాసిన పెద్ద గ్రంథములో చేసిన ముఖ్యమైన ఆక్షేపణ ఇదే: ఒక మనిషి వేరు, మరొక మనిషి వేరు అను సంగతిని ఉపయోగితావాదము పట్టించుకొనలేదు. సుఖము ఎప్పుడును ఎవరో ఒకరి సుఖము. మొత్తపు సుఖమును అనుభవించువాడు ఎవడును లేడు. నా పన్ను నొప్పి, మీ పన్ను నొప్పి కలిసి ఒక పెద్ద నొప్పి కాదు.

సువార్తలు చదువు మనకు ఈ లెక్క క్రొత్తది కాదు. యోహాను సువార్త 11వ అధ్యాయములో ప్రధాన యాజకుడు సభవారికిచ్చిన సలహా జ్ఞాపకము తెచ్చుకొనుడి. జనమంతయు నశించుటకంటె ఒక్కడు పోవుట మేలన్నదే గదా ఆయన వాదము. రోమీయుల భయము నిజమైనదే; లెక్కగా చూచిన ఆయన కూడిక తప్పని చెప్పలేము. జర్మను తత్త్వవేత్త కాంటు 1797లో శిక్షలను గూర్చి వ్రాయుచు, సరిగా ఈ వాదమునే ఎత్తి ఖండించెను. న్యాయము నశించిన పిమ్మట మనుష్యులు భూమి మీద బ్రతుకుటలో విలువ ఏమున్నదని ఆయన అడిగెను. వస్తువునకు వెల యుండును, వెలగల దానికి బదులు మరొకటి తేవచ్చును. మనిషికి బదులు లేదు. కాబట్టి అతనిని కేవలము సాధనముగా వాడుకొనరాదు. ఇది కాంటు నీతిశాస్త్రపు సారము. రష్యను నవలాకారుడు దస్తయేవ్‌స్కీ 1880లో ముగించిన కరమజోవు సోదరుల కథలో అన్న తమ్ముని అడుగు ప్రశ్న కూడ ఈ వంశములోనిదే: ఒక్క పసిబిడ్డ కన్నీటి మీద లోకమంతటి సంతోషమును కట్టవలసినచో ఆ కట్టడమునకు మేస్త్రివగుదువా? తమ్ముడు కానని చెప్పును.

దీనికి ఉపయోగితావాదులు ఊరకుండలేదు. నిర్దోషిని శిక్షించు దేశములో ఎవరికిని భద్రత యుండదు, భయము పెరుగును, కావున మా లెక్క ప్రకారము కూడ అది తప్పే అందురు. అట్టివి ఒక్కొక్కటిగా లెక్కింపక, ఎల్లప్పుడు పాటించదగిన నియమములను లెక్కించవలెనని మరికొందరి సవరణ. ఇవి తెలివైన జవాబులే. కాని గమనించుడి, వారు చూపు కారణము ఇతరుల భయము. ఆ నిర్దోషి ఎక్కడ? అతనిని చంపరాదనుటకు మొదటి కారణము అతడు నిర్దోషియగుటయే గాని, ఊరివారికి నిద్రపట్టకపోవుట కాదు. పైగా ఎవరికిని తెలియకుండ చేసినచో భయమును పుట్టదు. ఈ చిక్కును దాచక చెప్పినవాడు హెన్రీ సిడ్జివిక్కు. 1874లో ఆయన వ్రాసిన నీతిశాస్త్ర గ్రంథము ఈ వాదమునకంతటికిని శిఖరము. బహిరంగముగా సమర్థించరాని కార్యము, రహస్యముగా చేసినచో ధర్మమగుట ఈ సిద్ధాంతము ప్రకారము సంభవమేనని ఒప్పుకొనెను. నిజాయితీపరుడు, సంఘ విశ్వాస సూత్రములకు మనస్ఫూర్తిగా సంతకము పెట్టలేనని 1869లో కేంబ్రిడ్జిలో తన ఫెలో పదవినే వదలుకొనినవాడు. అట్టివాడు ఈ మాట చెప్పవలసి వచ్చినదంటే సిద్ధాంతములోనే ఏదో లోపమున్నదనుకొందును.

ఇంతవరకు పుస్తకములలోని మాట. మన జిల్లాలలో జరిగినది ఒకటి చెప్పవలెను. పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనెడి 1876–78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు చితికిపోయినవి. సహాయపు పనులు పరీక్షించుటకు వైస్రాయి లిట్టను పంపిన అధికారి సర్ రిచర్డు టెంపులు. ఈయన చరిత్ర చిత్రమైనది. 1873–74లో బీహారు కరువునకు బర్మానుండి బియ్యము తెప్పించి చాల ప్రాణములు కాపాడెను. అందుకు ప్రతిఫలముగా దుబారా చేసినాడని నిందపడెను. ఈసారి పొదుపు నేర్చుకొని వచ్చెను. 1877 జనవరిలో, కష్టమైన పని చేయు మగకూలికి దినమునకు 1 పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానితో కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించెను. తక్కువ కూలితో ప్రాణము నిలుచునేమో చూచుట ఒక ప్రయోగము. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిషు దీనిని గట్టిగా ఎదిరించెను. ఎండలో మట్టి మోయువాని శరీరమునకు ఇది చాలదనియు, ధాన్యము పెంచి పప్పు కూరలు కూడ చేర్చవలెననియు వాదించెను. కొన్ని నెలలకు కూలిని కొంత పెంచిరి. ఈలోగా ఆ ప్రయోగము ఎవరి శరీరముల మీద జరిగినదో వారిని ఎవరును అడుగలేదు.

ఇది బెంథాము చెప్పిన పని అనుట అన్యాయము. మిల్లు అప్పటికే గతించెను. ఖజానా గూర్చిన భయము, వర్తకములో చేయి పెట్టరాదను ఆర్థికశాస్త్రము ఇందులో ముఖ్యపాత్ర వహించినవి. నిజమైన ఉపయోగితావాదియే యైనచో కూలివాని బాధను కూడ చిట్టాలో ఎక్కించియుండునేమో. నేను చెప్పునది ఇంతే: రాజ్యపు మొత్తము మేలు ఒక వైపున పెట్టి, నోరులేని కూలివాని కడుపు మరొక వైపున పెట్టి తూచుట అలవాటైన చేతికి త్రాసు ఏ వైపునకు మొగ్గునో ముందే తెలియును. స్వతంత్రము వచ్చిన పిమ్మట కూడ ఈ త్రాసు మాయము కాలేదు. కృష్ణానది మీద శ్రీశైలము ఆనకట్ట వలన వెలుగు వచ్చినది, నీరు వచ్చినది, నేను వద్దనను. 1981లో నీట మునుగబోవు గ్రామములను ఖాళీ చేయించిన తీరు గూర్చి ఆ ఊళ్లవారు చెప్పగా విన్నవారు మీలో నుండవచ్చును. ఆనకట్ట కట్టుట తప్పా ఒప్పా అన్నది ఒక ప్రశ్న. ఇల్లు పోయినవానిని మొత్తములో ఒక అంకెగా చూచితిమా, మనము ఋణపడిన మనిషిగా చూచితిమా అన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే రెండవది తీరిపోయినదనుకొనుట లెక్కవాదుల అలవాటు.

బెర్నార్డు విలియమ్సు అను ఇంగ్లీషు తత్త్వవేత్త 1973లో ఇంకొక సంగతి చూపించెను. నిరుద్యోగియైన ఒక రసాయన శాస్త్రజ్ఞునికి విషవాయువుల ఆయుధములు తయారుచేయు చోట ఉద్యోగము వచ్చినది. అతనికి ఆ పని అసహ్యము. కాని అతడు కాదన్నచో మరొకడు వచ్చి ఇంకను ఉత్సాహముగా చేయును. లెక్క ప్రకారము చేరుటయే మేలు! మన వాడుకలో చెప్పవలెనన్న, "నేను తీసుకోకపోతే నా పక్కవాడు తీసుకుంటాడు" అను లంచగొండి వాదము ఇదే. ఫలితము ఒక్కటే అయినను, చేసినది నా చేయియా, పక్కవాని చేయియా అన్నది మనస్సాక్షి గలవానికి పెద్ద భేదము. ఉపయోగితావాదమునకు ఆ భేదము కనబడదు.

అయితే లెక్కించుటయే పాపమా? కాదు. 2020, 2021 సంవత్సరములలో ఆక్సిజను చాలని ఆసుపత్రులలో ఎవరికి ముందు ఇయ్యవలెనో వైద్యులు నిర్ణయించవలసి వచ్చెను. పోలియో చుక్కలు ఏ పల్లెకు ముందు పోవలెనో లెక్కించక తీరదు. ధర్మసొమ్ము ఖర్చుపెట్టునప్పుడు లెక్క చూడనివాడు దయగలవాడు కాడు, అజాగ్రత్తపరుడు. అందరును సమానముగా ఆపదలో నుండి, అందరికిని వర్తించు ఒకే నియమము పెట్టి, ఉన్నది పంచుకొనుట ఒకటి. ఒకని తెచ్చి ఇతరుల మేలుకు మెట్టుగా వేయుట మరొకటి. ఈ రెంటిని ఒకే కూడికగా చూచుటను మాత్రమే నేను ఆక్షేపించుచున్నాను.

యేసు చెప్పిన పొరుగువాని ప్రేమలోనే తన సిద్ధాంతపు ఆత్మ సంపూర్ణముగా నున్నదని మిల్లు వ్రాసినాడు. ఆయన విశ్వాసి కాకపోయినను ఆ మాట గౌరవముతో చెప్పెను. నేను ఒప్పుకొనలేను. పొరుగువాడు అన్నప్పుడు ఎదుట నిలిచిన ఒకడు ఉండును, అతనికి పేరుండును. తొంబదితొమ్మిదిని విడిచి ఒక్కదానిని వెదకబోయిన కాపరి ఉపమానము మీ అందరికిని తెలిసినదే; లెక్కవాదికి ఆ కాపరి ఎట్లు కనబడునో మీరే ఊహించుకొనుడి.

చివరగా ఒక చిన్న సంగతి. కొన్నేండ్ల క్రిందట నేను సభ్యుడనైన ఒక కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చినది. వాగుకు ఆవలి గూడెములో పదకొండుమంది పిల్లలున్న ఒక చిన్న బడి, ఒక ఉపాధ్యాయుడు. ఆ బడి మూసి, ఆ జీతపు సొమ్ముతో పట్టణపు బడిలో మూడు వందలమందికి ఉపయోగపడు ప్రయోగశాల ఏర్పరచవలెనని ప్రతిపాదన. కోశాధికారిగారు లెక్క చక్కగా వేసి తెచ్చిరి. ఒక్క అంకె తప్పు లేదు. చేతులెత్తు సమయమున ఒక వృద్ధ సహోదరి లేచి, "లెక్క బాగనే ఉంది నాయనా. వానాకాలంలో ఆ పిల్లలు వాగెట్టా దాటతారో అది కూడా రాయండి" అనెను. ఎవరికిని తెలియదు. తీర్మానము ఆపి ఇద్దరిని గూడెమునకు పంపిరి.

వారు తెచ్చిన వర్తమానము ఇది. జూను మొదలు నవంబరు వరకు వాగు నడుములోతు ఉండును. మగపిల్లలు ఎట్లో వత్తురు గాని ఆడపిల్లలు బడి మానుదురు. వాగు తగ్గిన పిమ్మట పిల్లలను పట్టణపు బడికి పంపుటకు తల్లిదండ్రులకు అభ్యంతరము లేదు. నిజమునకు వారికి అదే యిష్టము. బడి మూయవలెనా వద్దా అని మేము రెండు గంటలు వాదించితిమి గాని, ఆరు నెలలు అక్కడ, మిగిలిన నెలలు ఇక్కడ అను ఆలోచన ఆ గూడెమువారు చెప్పువరకు మాలో ఒక్కరికిని తట్టలేదు. అట్లే చేసితిమి. ఉపాధ్యాయుని జీతము మిగులలేదు గనుక ప్రయోగశాల రెండేండ్లు ఆలస్యమై, అనుకొనినదానికంటె తక్కువ సామగ్రితో మొదలైనది. దాని విషయమై పట్టణపు తల్లిదండ్రులు కొందరు నేటికిని అసంతృప్తితోనే ఉన్నారు. వారి మాటలోను న్యాయమున్నది.

భోజనమునకు ఇంకను పది నిమిషములున్నవి. ప్రశ్నలున్నవారు అడుగవచ్చును.